కాలు కదిలిన చోటల్లా

కిలో కూడా తూగని మనిషి తలకి ఎనిమిది తీగలు అంటించడం ఆ ఆసుపత్రిలో సరిగ్గా చేతనైంది ఒక్కరికే. నెలలు నిండకుండా పుట్టేసిన పిల్లల వార్డు అది. గాజుపెట్టెల్లో పడుకున్న ఆ పిల్లల చర్మం తడిసిన కాగితంలా ఉంటుంది, గట్టిగా నొక్కితే ఊడి చేతికొస్తుంది. అందుకని ఆమె జిగురుని ముందు తన వేళ్ళ మధ్య వెచ్చబెట్టుకుంటుంది. టేపుతో తల కొలుస్తుంది. గోరంత వెంట్రుకల్ని దూదిపుల్లతో పక్కకి జరుపుతుంది. అప్పుడు, ప్రతి బిడ్డకీ, ఏ ఒక్కరినీ వదలకుండా చెబుతుంది:

"కాస్త చల్లగా ఉంటుందమ్మా. ఒక్క క్షణం."

"వినిపించుకుంటారంటావా?" అని వేళాకోళం చేసేది హెడ్ నర్సు.

"వినకపోతే పోనీ. చెప్పకుండా తల ముట్టుకోవడం నాకు చేతకాదు."

వార్డులో ఆమెని గీతలమ్మ అంటారు. అసలు పేరు ఆరు నెలలకోసారి వచ్చే కాంట్రాక్టు కాగితం మీద ఉంటుంది, పదకొండేళ్ళుగా ఆ కాగితంలో మారేది తేదీ ఒక్కటే. కింది అంతస్తులో చీటీలు రాసే పనికి చేరిన మనిషి. అప్పటి టెక్నీషియన్, అందరూ పెద్దాయన అని పిలిచే ఆయన, ఓ రోజు ఆమె రాసిన చీటీ చేతిలో పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "గీత తప్పని చేతిరాత. పైకి రా, నీకు వేరే గీతలు చూపిస్తా" అన్నాడు. ఆయన పోరు పడలేక సాయంత్రం కోర్సు కట్టి టెక్నీషియన్ సర్టిఫికెట్ తెచ్చుకుంది.

మొదటి నెలంతా ఆమెకి భయమే. తీగల్లోంచి తెర మీదికి వచ్చే మెదడు గీత, పెద్దవాళ్ళదైతే ఆగదు, నిద్రలో కూడా ఏదో ఒకటి గొణుగుతూనే ఉంటుంది. ఈ పిల్లలది అలా కాదు. వీళ్ళు ఇంకా ఏమీ చూడలేదు, ఎవరూ వీళ్ళకి ఏమీ నేర్పలేదు. అయినా లోపలినుంచి, తనంతట తనే, గీత ఒక్కసారి గొల్లున లేస్తుంది. మూడు నాలుగు సెకన్లు గోలగోలగా ఆడి పడిపోతుంది. ఆ తర్వాత పది సెకన్లు, ఇరవై సెకన్లు తిన్నగా, చచ్చినట్టు పడుకుంటుంది. రేకుల కప్పు మీద వాన మొదలయ్యేటప్పుడు నాలుగు చినుకులు టపటపమని ఆగిపోవూ, అలా. ఆ ఆగిన సెకన్లని ఆమె ఊపిరి బిగబట్టి లెక్కపెట్టేది. పదిహేను. పదహారు. ఇక లేవదేమో అనుకునేసరికి లేచేది.

"భయపడకు" అనేవాడు పెద్దాయన. "వాన ఇంకా మొదలవలేదు, అంతే. ఆ నాలుగు చినుకులే లోపల తీగకి తీగని ముడేస్తాయి. వారాలు గడిస్తే మధ్యలో ఈ ఎడం కురచవుతుంది. ఒకనాడు జోరున పట్టుకుంటుంది. అప్పుడు ఇంటికి పంపించేస్తాం."

ఆయన ఆమెకి రెండు సంగతులు నేర్పాడు. ఒకటి, తెరని చూసినంత సేపూ బిడ్డనీ చూడాలి. అలా చూడబట్టే ఆమెకి దువ్వెన తెలిసింది. బిడ్డ నిద్రలో కాలు టపుక్కున తన్నుతుంది. అర సెకను తర్వాత, తలలో అవతలి పక్క, గీత మీద మెల్లగా ఓ వంపు లేస్తుంది. ఆ వంపు మీద సన్నగా, వరసగా పళ్ళు. "కాలు తలుపు కొట్టింది. లోపల ఎవరో ఎవరదీ అన్నారు" అని నవ్వేవాడు పెద్దాయన. తీగ ఊగితే వచ్చే చెత్త గీత అలా ఉండదు. అది కదలికతో పాటే వస్తుంది, ఎనిమిది తీగల్లోనూ ఒకేసారి పిచ్చిగా ఎగురుతుంది. దువ్వెన ఆగి వస్తుంది, ఒక్క పక్కనే వస్తుంది. రెండోసారి చూసినవాళ్ళు ఎవరూ ఈ రెండింటినీ కలిపేసుకోరు.

రెండో సంగతి: రికార్డులోంచి ఏ ముక్క కోసినా నోటుబుక్కులో రాయాలి. ఏ టైముకి, ఎన్ని సెకన్లు, ఎందుకు. "కోసింది చెత్తే కావచ్చు. కోసింది మాత్రం నువ్వు" అనేవాడు. ఆయన రిటైరయ్యాక మిగతా టెక్నీషియన్లు ఆ పని మానేశారు. ఎవరూ అడగని రాత ఎందుకని. ఆమె మానలేదు. బీరువా అడుగు అరలో అట్టపుస్తకాలు పెరుగుతూ పోయాయి. తొమ్మిదయ్యాయి.

*

నాలుగేళ్ళ కిందట మూడో అంతస్తులోకి లెక్కల మాస్టారు వచ్చాడు. ఆ పేరు నర్సులు పెట్టిందే. యాభై దాటిన మనిషి, ఆయన డాక్టరు కాదు. కంప్యూటర్లో మెదడు కడతాడు. ఎనిమిది వేల చుక్కలు, ఒక్కో చుక్క నుంచి మరికొన్నింటికి దారాలు. బయటినుంచి ఏమీ అందించడు, వదిలేస్తాడు. వాటంతట అవే మిణుకుమంటాయి, ఒకటి వెలిగితే పక్కవి కొన్ని వెలుగుతాయి, ఆరిపోతాయి. కలిసి వెలిగిన చుక్కల మధ్య దారం బలపడుతుంది. గంటలో నాలుగు వారాలు గడిపేయగలదా బొమ్మ మెదడు. నిజం పిల్లల రికార్డుల్లో మౌనం ఎంతెంత పొడుగుంటుందో చూపించి దానికి నడక నేర్పాడు. ఇక ఏ కొత్త బిడ్డదైనా మొదటి రెండు రోజుల రికార్డు ఇస్తే చాలు, ఆ బిడ్డలా తనని మలుచుకుని, ముందుకి పరిగెత్తి, నాలుగు వారాలకి ఈ మెదడు పట్టుకుంటుందో లేదో వందకి ఇంత అని అంకె చెప్పేస్తుంది. ఇరవై లోపు వస్తే అంకె ఎర్రగా వస్తుంది.

దానికి తిండి గీతలమ్మ కోసిచ్చే రికార్డులే. నాలుగేళ్ళలో రెండు వందల పద్నాలుగు మంది పిల్లలు. ఎలా కోయాలో ఒక కాగితం ఇచ్చాడు మాస్టారు. అందులో మూడో లైను: కదలిక ఉన్న భాగాలన్నీ తీసేయాలి.

మొదటి మీటింగులోనే ఆమె లేచి నిలబడి అడిగింది. ఎనిమిది మంది ఉన్నారు గదిలో.

"సార్, కాలు తన్నాక వచ్చే దువ్వెనని కూడా తీసెయ్యాలా? అది తీగ ఊగి వచ్చింది కాదు సార్, తలలోంచి వచ్చింది."

"కాలు కదిలిందా లేదా?"

"కదిలింది."

"అయితే తీసెయ్యండమ్మా. నా మెషీనుకి కాళ్ళు లేవు."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కూర్చుంది. కాంట్రాక్టు మనిషి ఒక గదిలో రెండోసారి లేచి నిలబడదు. ఏ ఆసుపత్రిలోనైనా, ఏ ఫ్యాక్టరీలోనైనా చూడండి, పనిని చేత్తో ముట్టుకునేవాళ్ళు అడిగేది ఒక్కసారే. ఆ ఒక్కసారీ నవ్వేస్తే, ఇక ఆ ప్రశ్న వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది.

చెప్పింది చెప్పినట్టు కోసింది. మిగతావాళ్ళు కోస్తే పదిలో మూడు కదలికలు మిగిలిపోయేవి. ఆమె కోస్తే వేలి కదలిక తప్ప ఒక్కటి మిగిలేది కాదు. "శుభ్రమైన డేటా అంటే ఈవిడదీ" అని మాస్టారు నలుగురిలో మెచ్చుకునేవాడు.

*

ఆమెకి పదేళ్ళు చిన్నదైన ఒక చెల్లెలు. తల్లి పోయాక చంకనేసుకుని పెంచింది ఈమే. ఆ పిల్ల బట్టల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ లైన్లో పనిచేసేది. రోజుకి పది గంటలు నిలబడి చొక్కాలు మడత పెట్టడం. కడుపుతో ఉన్నాను, ఒక స్టూలు ఇమ్మని సూపర్‌వైజర్ని అడిగితే, "నీకిస్తే అందరికీ ఇవ్వాలి" అన్నాడట. అందరికీ ఇస్తే ఏం మునుగుతుందో అతనూ చెప్పలేదు, ఈ పిల్లా అడగలేదు. ఇరవై ఎనిమిదో వారంలో, చొక్కాల మధ్యే నీళ్ళు పోయాయి. ఆడపిల్ల. తొమ్మిది వందల నలభై గ్రాములు. ఆరో నంబరు పెట్టె.

సొంతవాళ్ళ రికార్డు సొంత చేత్తో చూడకూడదని వార్డులో ఒక నియమం ఉంది. కానీ రెండో టెక్నీషియన్ జ్వరంతో పడి ఉన్నాడు. "ఎవరున్నారు మరి? నువ్వే కానియ్" అంది హెడ్ నర్సు.

ఆ రోజు టేపుతో తల రెండుసార్లు కొలిచింది. జిగురు వెచ్చబెట్టింది. "చల్లగా ఉంటుంది తల్లీ. పెద్దమ్మని. ఒక్క క్షణం" అంది. బిడ్డ కాలితో ఆమె బొటనవేలిని తన్నింది.

ఆరో నంబరు పాప తన్నులకి అంతే లేదు. ఎడమ కాలు, కుడి కాలు, భుజం, మళ్ళీ ఎడమ కాలు. గీతలమ్మ రెండు రోజులూ కూర్చుని కోసింది. తన పిల్లని చూసుకుందని రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదని ఇంకాస్త గట్టిగా కోసింది. మిగతా పిల్లలకి వదిలేసే వేలి కదలికని కూడా వదల్లేదు. అంతా నోటుబుక్కులో రాసింది. ఫైలు మూడో అంతస్తుకి పంపింది.

మంగళవారం మధ్యాహ్నం మూడో అంతస్తు నుంచి అంకె కిందికి దిగింది. పదకొండు. ఎర్రగా.

ఆమె ఆ తెర ముందు ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలీదు.  గురువారం పదకొండు గంటలకి మీటింగు. ఎర్ర అంకె వచ్చిన బిడ్డకి గొట్టంతో ఊపిరి పోయడం కొనసాగించాలా, గొట్టం తీసేసి తల్లి ఒళ్ళో పెట్టెయ్యాలా అన్నది అక్కడ మాట్లాడతారు. పెద్ద డాక్టరమ్మ చెడ్డ మనిషేమీ కాదు. అంకెని నమ్మేది అది తనకంటే ఎక్కువ మంది పిల్లల్ని చూసిందనుకుని. పన్నెండు పెట్టెలున్న వార్డు గుమ్మం ముందు పదమూడో బిడ్డ ఎప్పుడూ ఉంటుంది. అలాంటి చోట అంకె ఉంటే మనసుకి కాస్త ఆసరా.

అంకె కింద చిన్న పట్టిక ఉంది. అన్నిటికంటే పొడవైన మౌనం: తొంభై ఆరు సెకన్లు.

తొంభై ఆరు.

ఆమె అంత మౌనాన్ని చూడలేదు. రెండు రోజులూ ఆ తెర ముందే కూర్చుంది, సొంత పిల్ల గీత. ఇరవై దాటితేనే ఆమె తెర మీదికి వంగేది. ఒకసారి ముప్పై నాలుగు దాకా పోయింది, అప్పుడు కుర్చీలోంచి లేచిపోయింది కూడా. తొంభై ఆరు దాకా పోయుంటే చూస్తున్న ఆమె బతికుండేది కాదు.

నోటుబుక్కు తెరిచింది. ఆ టైము దగ్గర తన చేతిరాతే, గీత తప్పకుండా: ఎడమ కాలు, నాలుగు సెకన్లు, దువ్వెన. దాని కింద: కుడి కాలు, మూడు సెకన్లు, దువ్వెన. దాని కింద: ఎడమ కాలు.

అప్పుడు వెలిగింది. మెదడు గొల్లున లేచిన చోటల్లా కాలు కదిలింది. కాలు కదిలిన చోటల్లా తను కోసింది. కోసిన చోట ఫైలు రెండు చివరలూ వచ్చి అతుక్కున్నాయి. ముందున్న పాతిక సెకన్ల మౌనం, వెనకున్న ముప్పై సెకన్ల మౌనం, మధ్యలో అడ్డుగోడ తీసేసిన గదుల్లా కలిసిపోయాయి. వార్డులో అందరికంటే ఎక్కువ తన్నే పిల్ల కాబట్టే, కాగితం మీద అందరికంటే ఎక్కువ చచ్చిపోయిన పిల్ల అయింది.

పిల్ల నోరు నొక్కింది ఎవరో కాదు. తన చెయ్యే.

*

ఆ సాయంత్రం చెల్లెలు వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉంది. కాళ్ళ వాపు ఇంకా తగ్గలేదు.

"అక్కా, లెక్క వచ్చిందంటగా. నర్సమ్మ అంది. ఎంతొచ్చింది?"

"వచ్చింది. ఇంకా చూస్తున్నారు."

"నువ్వు చూశావా?"

"చూశాను."

"మరి నీ మొహం ఎందుకలా ఉంది?"

"మధ్యాహ్నం తిండి తినలేదు."

చెల్లెలు ఒక్క క్షణం అక్క మొహంలోకే చూసింది. చిన్నప్పుడు అన్నం ఒకరికే మిగిలిన రోజున కూడా అక్క ఇదే గొంతుతో తిన్నానని చెప్పేది. ఆ మాట చెల్లెలు ఎప్పుడూ నమ్మలేదు, ఎప్పుడూ కాదనలేదు. ఇప్పుడూ అంతే.

ఇంట్లో భర్త పళ్ళెం ముందు పెట్టాడు. బస్సుల డిపోలో మెకానిక్కు ఆయన, వంట వచ్చిన మనిషి. ఆమె అన్నం మీద చెయ్యి పెట్టి కూర్చుండిపోయింది. అంతా చెప్పింది. ఆయన విన్నాడు. గోళ్ళల్లోని గ్రీజు గీక్కుంటూ అడిగాడు:

"బ్రేకు తప్పు బిగించానని నాకు బస్సు వెళ్ళాక తెలిసిందనుకో, ఏం చేస్తానంటావ్?"

"ఏం చేస్తావ్?"

"స్కూటరేసుకుని బస్సుకి అడ్డం పోతాను. ఉద్యోగం పోతుందా అన్నది తర్వాత. అది అడగటానికే కదా నన్ను కూర్చోబెట్టావ్?"

"నేనేమీ అడగలేదు."

"అన్నం మీద చెయ్యి పెట్టి కూర్చోవడాన్ని మా డిపోలో అడగడమే అంటారు."

ఆమె నవ్వలేదు. "నేను చెబితే నమ్మరు. సొంత చెల్లెలి బిడ్డ కాబట్టి చెబుతోందంటారు. నాలుగేళ్ళు నోరు మూసుకుని కోసి, ఇప్పుడు తన దాకా వచ్చేసరికి లేచిందంటారు. నిజమే కదా. తన దాకా వచ్చేసరికే కదా లేచాను."

ఆయన పళ్ళెం ఆమె దగ్గరికి ఇంకాస్త జరిపాడు.

*

బుధవారం పొద్దున్నే మూడో అంతస్తుకి ఎక్కింది. లెక్కల మాస్టారు గదిలో పెద్ద కంప్యూటరు హోరు. తెర మీద ఎనిమిది వేల చుక్కలు మిణుకుమంటున్నాయి, ఆరిపోతున్నాయి. నోటుబుక్కు ఆయన ముందు పెట్టి, రాత్రంతా మనసులో అనుకున్న నాలుగు మాటలూ తడబడుతూనే అప్పజెప్పింది.

ఆయన కళ్ళజోడు తీశాడు. "అమ్మా, మీ బాధ నాకు అర్థమవుతుంది. మీ చెల్లెలి పాప అని తెలుసు. కానీ ఒక బిడ్డ కోసం పద్ధతి మార్చలేం. గురువారం అయ్యాక తీరిగ్గా చూద్దాం."

"గురువారం అయ్యాక చూడటానికి ఏముంటుంది సార్?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

"పద్ధతి మార్చమనట్లేదు. ఒక్కటి చెప్పండి. నేను కోసిన చోట మీ మెషీను ఏమనుకుంటుంది? ఇక్కడ ముక్క లేదు అనుకుంటుందా, ఇక్కడ మౌనం ఉంది అనుకుంటుందా?"

"లేదనే అనుకోవాలి."

"అనుకోవాలా, అనుకుంటుందా?"

ఆయన తెర వైపు తిరిగాడు. ఏదో తెరిచి పైకీ కిందికీ జరిపాడు. ఒక లైను దగ్గర ఆగి, వేలు పెట్టి చదివాడు. మళ్ళీ చదివాడు. ఆ మొహంలో నెత్తురు దిగిపోవడం ఆమె కళ్ళారా చూసింది. ఆమెకి ఇంకా భయమేసింది. ఆయన ధీమాగా కొట్టిపారేస్తే తనదే పొరపాటేమో అన్న ఆశ ఇంకా ఉండేది.

"నాకొచ్చేది కోసిన ఫైలని తెలుసు" అన్నాడు మెల్లగా. "అతికించిన ఫైలని తెలీదు. మధ్యలో ఖాళీ వదిలి పంపుతున్నారనుకున్నాను."

"మీరు ఎప్పుడూ కిందికి రాలేదు సార్. వచ్చి ఒక్కరోజు నా పక్కన కూర్చునుంటే కనిపించేది."

"వచ్చే నెల దీన్ని నలభై ఆసుపత్రుల్లో పెడుతున్నారు. సంతకాలు అయిపోయాయి." ఆ మాట ఆమెతో అన్నట్టు లేదు. "రేపు మీరు చెప్పండి. నేను కాదనను."

"నేను చెప్పాలా? నన్ను ఆ గదిలోకే పిలవరు."

ఆయన నోటుబుక్కు ఆమె వైపు జరిపాడు.

ఆమె మెట్లు దిగింది. తెలివైన మనిషి భయపడితే ఎలా ఉంటాడో చూసింది. తన లాంటివాళ్ళ భయంలాగే ఉంది, కుర్చీ ఒక్కటే మెత్తగా ఉంది.

*

గురువారం పదకొండుకి ఐదు నిమిషాలుంది. చేతిలో తొమ్మిదో నోటుబుక్కు. మీటింగు గది తలుపు మీద చెయ్యి వేసింది, తీసేసింది. మళ్ళీ వేసింది.  కాంట్రాక్టు కాగితం ఇంకో మూడు వారాల్లో మారాలి. ఆ తలుపు తీస్తే మారదేమో. తియ్యకపోతే పొద్దున్న తన వేలిని తన్నిన కాలు రేపు తన్నదు.

తలుపు తీసింది.

"మీరేంటి ఇక్కడ?" అన్నారెవరో.

"ఆరో నంబరు పాప రికార్డు కోసింది నేను. తప్పు కోశాను. ఆ పాప నా చెల్లెలి కూతురు. ఈ రెండూ నిజమే, రెండూ విని తర్వాత నన్ను పంపించెయ్యండి."

చెప్పడం మొదలుపెట్టింది.  మూడు వందల పన్నెండు చోట్ల కోసింది. అందులో రెండు వందల ఎనభై చోట్ల దువ్వెన ఉంది. అసలు మౌనం ముప్పై నాలుగు సెకన్లు, అతికాక తొంభై ఆరు. నోటుబుక్కు తిప్పి పెట్టింది. పెద్ద డాక్టరమ్మ పేజీలు తిరగేసింది. ఒక కుర్ర డాక్టరు, "సొంతవాళ్ళయితే ఎవరికైనా అలాగే కనిపిస్తుంది" అన్నాడు, మరీ కఠినంగా కాదు.

"అందుకే నా కళ్ళతో చూడొద్దంటున్నాను. మీరే వచ్చి చూడండి. పది నిమిషాలు. కాలు చూడండి, తెర చూడండి."

లెక్కల మాస్టారు అప్పటిదాకా బల్లనే చూస్తున్నాడు. ఇప్పుడు గొంతు సవరించుకున్నాడు. "ఆవిడ చెప్పింది నిజం. ఆ అంకె తప్పు. ఎంత తప్పో నాకు తెలీదు. అసలు రికార్డు నెల దాకా సర్వర్లో ఉంటుంది, మళ్ళీ నడపొచ్చు. కానీ తప్పు."

పెద్ద డాక్టరమ్మ లేచింది. "పదండి."

ఆరో నంబరు పెట్టె చుట్టూ ఐదుగురు నిలబడ్డారు. మాస్టారు ఈ వార్డులోకి రావడం ఇదే మొదటిసారి. పెట్టెలోని మనిషిని చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎనిమిది వేల చుక్కలంటే ఇంత చిన్న తలే అని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

గీత తిన్నగా పడుకుని ఉంది. పాప కదలట్లేదు.

పది సెకన్లు. పదిహేను. హెడ్ నర్సు గోడ గడియారం వైపు చూసింది. ఇరవై. గీతలమ్మ పెదాలు లోపలే లెక్కపెడుతున్నాయి. ఇరవై ఆరు. రెండు రోజులూ ఆపకుండా తన్నిన పిల్ల, ఇప్పుడే, ఇంతమంది చూస్తుండగానే. ముప్పై. ఆమె గాజు అంచు పట్టుకుంది. ముప్పై మూడు. ముప్పై ఏడు. కుర్ర డాక్టరు ఊపిరి వదిలి తల తిప్పుకోబోయాడు.

ఎడమ కాలు తన్నింది.

గీత అలాగే ఉంది. రెప్పపాటు. తర్వాత అవతలి పక్క తీగలో, మెల్లగా, వంపు లేచింది. వంపు మీద పళ్ళు.

"కాలు మళ్ళీ" అన్నాడు మాస్టారు గుసగుసగా.

కుడి కాలు. ఆగింది. ఈసారి ఇవతలి పక్క. ఆ వంపు చల్లారకుండానే మిగతా తీగలు కూడా అందుకుని గోలగోలగా ఆడాయి.

 పది నిమిషాలన్నది ఇరవై అయింది. పెద్ద డాక్టరమ్మ కేసు షీటు తీసి, ఎర్రగా ఉన్న అంకె మీద అడ్డంగా గీత కొట్టి సంతకం చేసింది. "ఊపిరి గొట్టం ఉంటుంది. వారం తర్వాత మళ్ళీ రికార్డు, కోయకుండా. బాగవుతుందని నేననట్లేదు. తెలీదంటున్నాను." మాస్టారు వైపు తిరిగింది. "ఈ అంకె చూసి ఇప్పటిదాకా ఎంతమంది గురించి మాట్లాడాం?"

"ముగ్గురు" అన్నాడు ఆయన.

"రెండో నంబరు పెట్టెలో, పోయిన నెల?"

"దానికి ఎనిమిది వచ్చింది."

"ఆ బిడ్డకి తలలో నెత్తురు కూడా కారింది" అంది డాక్టరమ్మ. ఆ మాట ఎవరికి చెబుతోందో ఆమెకే తెలిసినట్టు లేదు. "అంకె ఒక్కటే కారణం కాదు."

గీతలమ్మకి రెండో నంబరు గుర్తుంది. మగపిల్లాడు. రెండు కాళ్ళూ కలిపి తన్నేవాడు, కప్పలా. తీగలు అంటిస్తుంటే రెండుసార్లు పీక్కున్నాడు. ఆ పిల్లాడి రాత ఎనిమిదో నోటుబుక్కులో, చివరి పేజీల్లో ఉంటుంది. అసలు రికార్డు నెల దాటిపోయింది, ఉండదు. ఉన్నది తన చేతిరాతే.

*

చెల్లెలికి బెంచీ మీదే చెప్పింది. ఈసారి తిండి సంగతి తేలేదు. నీ బిడ్డకి పదకొండు వచ్చింది, అది నేను కోసినందుకు వచ్చింది, నా పిల్లని కాపాడుకున్నానని పేరు రాకూడదని మిగతావాళ్ళకంటే ఎక్కువ కోశాను, పోయిన నెల రెండో నంబరు పిల్లాడి రికార్డూ ఇలాగే కోశాను, అంది. చెల్లెలు ఏడుస్తుందనుకుంది, తిడుతుందనుకుంది. రెండింటికీ సిద్ధపడే వచ్చింది.

చెల్లెలు తన వాచిన పాదాల్ని చూసుకుంది.

"స్టూలు రెండోసారి ఎందుకు అడగలేదే అని నన్ను తిట్టావు గుర్తుందా?" అంది.

"గుర్తుంది."

"నువ్వెందుకు అడగలేదు మరి? ఆ దువ్వెన సంగతి."

"నవ్వారు."

"నన్నూ చూసి నవ్వారు."

వార్డు లోపల ఏదో మిషను కూసి ఆగింది. ఇద్దరూ ఒకేసారి తలుపు వైపు చూశారు. అది వేరే పెట్టెది.

"ఇంకా భయంగానే ఉందక్కా నాకు."

"నాకూ."

"ఆ రెండో నంబరు తల్లి, పోయిన నెల నేను చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా ఈ బెంచీ మీదే కూర్చునుండేది. నాకు సగం రొట్టె పెట్టింది ఒకరోజు. బిడ్డ పోయాక తన ఒంట్లోనే ఏదో లోపముందని అనుకుంటూ వెళ్ళిందంట." చెల్లెలు అక్క వైపు తిరిగింది. "నాకు చెప్పావుగా. ఆవిడకెవరు చెబుతారు?"

ఈ ప్రశ్న పొద్దుట్నించీ గీతలమ్మని వదల్లేదు. డాక్టరమ్మ కమిటీ వేస్తానంది. మాస్టారు నలభై ఆసుపత్రులకీ ఉత్తరం రాస్తానన్నాడు, ఆ నోటుబుక్కులు కాస్త ఇవ్వండమ్మా అని రెండుసార్లు బతిమాలాడు. ఆఫీసు నుంచి ఒక కాగితం అప్పుడే వచ్చింది, విచారణ ముగిసేదాకా రికార్డులు ముట్టుకోవద్దని, ఈ విషయం బయట మాట్లాడొద్దని. పదకొండేళ్ళలో ఆమె పేరు మీద కాంట్రాక్టు కాకుండా వచ్చిన మొదటి కాగితం అది.

లేచి వార్డులోకి వెళ్ళింది. బీరువా అడుగు అరలోంచి ఎనిమిదో నోటుబుక్కు తీసి, చున్నీ కింద పెట్టుకుంది. హెడ్ నర్సు చూసింది, చూడనట్టు రిజిస్టరు మీదికి వంగింది.

"రెండో నంబరు వాళ్ళ ఇల్లెక్కడో నీ దగ్గర ఉంటుంది కదా" అంది గీతలమ్మ.

"కాగితం వచ్చిందిగా నీకు? బయట మాట్లాడకూడదని."

"వచ్చింది."

"చదివావా?"

"చదివాను. చేతులు వణుకుతున్నాయి చూడు."

హెడ్ నర్సు ఆ చేతుల్ని చూసింది. రిజిస్టరు తిప్పి, వేలు ఒక లైను మీద పెట్టి, కిటికీ వైపు మొహం తిప్పుకుంది. గీతలమ్మ వంగి చదువుకుంది. వెళ్ళేముందు ఆరో నంబరు దగ్గర ఆగింది. గీత తిన్నగా ఉంది. లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పద్నాలుగు దగ్గర కాలు తన్నింది. ఆమె ఊపిరి వదిలి, తలుపు వైపు నడిచింది. అడుగు తీసి అడుగు వేస్తుంటే, లోపల మళ్ళీ ఒకటి నుంచి లెక్క మొదలైంది.